గీతల పలక, వంశవృక్షాల నోటుబుక్కు

రెండేళ్ళపాటు హాస్టల్ గదిలో నా బల్ల మీద రెండు పుస్తకాలు పక్కపక్కనే ఉండేవి. మొదటిది మనస్తత్వశాస్త్రం ప్రాక్టికల్స్ రికార్డు: అట్ట వేసి, లేబుల్ అంటించి, ప్రతి ప్రయోగానికీ లక్ష్యం, పరికరాలు, విధానం, ఫలితాలు, చర్చ అనే శీర్షికల కింద నీలం సిరాతో పొందికగా నింపినది. రెండవది మానవశాస్త్రం క్షేత్రపర్యటనలో రాసుకున్న నోటుబుక్కు: వానకు తడిసి ఉబ్బిపోయి, అంచుల్లో పసుపు మరకలతో, ఒక పేజీలో వంశవృక్షం ఉంటే తరువాతి పేజీలో టీ కొట్టుకు బాకీపడిన డబ్బుల లెక్క ఉన్నది.

ఒకే కాలంలో రెండు డిగ్రీలు చదువుకోవచ్చని 2022 ఏప్రిల్‌లో యూజీసీ ప్రకటించింది. ఒకటి తరగతికి వెళ్ళి, మరొకటి దూరవిద్యలో చదివే వీలు ఆ నిబంధనల్లో ఉంది. విశాఖపట్నంలో రెగ్యులర్‌గా మానవశాస్త్రం పీజీ చేస్తున్న నేను ఆ వీలును పట్టుకొని మనస్తత్వశాస్త్రం ఎం.ఏ.లో కూడా చేరాను. ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు గాని, ఎవరికీ అర్థం కూడా కాలేదు. మానవశాస్త్రం అనగానే మనవాళ్ళకు తోచేది సివిల్స్ ఆప్షనల్. 2013 నుంచి మెయిన్స్‌లో ఒకే ఆప్షనల్ కదా, మరి రెండోది ఎందుకన్నది మా బాబాయి సందేహం. మనస్తత్వశాస్త్రం అనగానే "అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పు" అనే చమత్కారం సరేసరి. బంధువుల ఇంట ఏ పెళ్ళికి వెళ్ళినా ఒకరైనా ఆ మాట అంటారు.

"రెండూ మనిషి గురించే కదా, మరి రెండు పట్టాలెందుకు?" అన్న ప్రశ్న మాత్రం న్యాయమైనది. దానికి సరైన జవాబు మొదటి సెమిస్టరులో నా దగ్గర లేదు. రెండు సిలబస్‌లలోనూ ఒకటి రెండోదాని ఊసెత్తదు. ఆ రెండింటికీ ఉన్న చుట్టరికం నాకు ఒక మనిషి పేరు ద్వారా తెలిసింది. అంతకుముందు ఆ రెండు పుస్తకాల్లో నేను ఏం చేశానో చెప్పాలి.

ప్రాక్టికల్స్‌లో మాకు మొదట ఇచ్చినది ముల్లర్-లయర్ భ్రమ. మన దేశంలో మనస్తత్వశాస్త్రం చదివినవారికి ఈ పలక పరిచయమే. ఒక గీత రెండు కొసల్లోనూ రెక్కలు బాణపు మొనల్లా లోపలికి ముడుచుకొని ఉంటాయి. మరో గీత కొసల్లో అవే రెక్కలు బయటికి విచ్చుకొని ఉంటాయి. గీతల పొడవు ఒకటే అయినా, రెక్కలు విచ్చుకున్న గీత పొడవుగా కనిపిస్తుంది. జర్మనీకి చెందిన ముల్లర్-లయర్ 1889లో దీనిని ప్రకటించాడు. పలకలో ఒక భాగం జరుగుతుంది. ప్రయోగంలో కూర్చున్న వ్యక్తి రెండు గీతలూ సమానంగా ఉన్నాయని తనకు తోచేవరకు దానిని జరపాలి. వెనుక ఉన్న స్కేలు మీద ఎంత తప్పారో మనం చూసి రాసుకోవాలి. పొట్టి నుంచి పొడవుకు కొన్నిసార్లు, పొడవు నుంచి పొట్టికి కొన్నిసార్లు జరిపించి, సగటు తప్పు లెక్క కడతాం. గది నిశ్శబ్దంగా ఉండాలి, మరెవరూ ఉండకూడదు, మాట సాయం చేయకూడదు. నా ప్రయోగానికి కూర్చున్నది హాస్టల్‌లో పక్క గది స్నేహితురాలు. తప్పు సగటుతో సహా రికార్డులో రాసి సంతకం పెట్టించుకున్నాను.

ఆ తరువాతి నెలలోనే మానవశాస్త్రం వాళ్ళు మమ్మల్ని పాడేరు ఏజెన్సీలో ఒక ఊరికి తీసుకువెళ్ళారు. అక్కడ మొదటి పని వంశవృక్షాలు సేకరించడం. మగవారికి త్రిభుజం, ఆడవారికి వృత్తం, పెళ్ళికి రెండు సమాంతర గీతలు, చనిపోయినవారి గుర్తు మీద ఒక ఏటవాలు గీత. వినడానికి ఇది పిల్లల ఆటలా ఉంటుంది. గడపలో కూర్చున్నాక తెలుస్తుంది అసలు సంగతి. భర్త పేరు అడిగితే భార్య తల వంచుకొని నవ్వుతుంది. పక్కింటావిడ అరుగు మీద నుంచి ఆ పేరు అరిచి చెబుతుంది. పుట్టి నెల తిరగకుండా పోయిన పిల్లలను లెక్కలోకి తేరు, తెచ్చినా పేరుండదు. "సచ్చిపోనోల పేర్లు నీకెందుకమ్మా?" అని ఒక ముసలాయన నన్ను నిలదీశాడు. నాకు ఆ పూట జవాబు దొరకలేదు.

బయలుదేరే ముందు మా మాస్టారు ఒక నియమం పెట్టారు. అన్న, తమ్ముడు, మామ, అత్త అన్న మాటలతో ప్రశ్న అడగకూడదు. తండ్రి, తల్లి, బిడ్డ, భర్త, భార్య అన్న ఐదు మాటలతోనే మొత్తం వృక్షం కట్టుకురావాలి. ఎందుకని తెలుగువారికి వివరించనక్కరలేదు. పెదనాన్న కొడుకు మనకు అన్నే, మేనత్త కొడుకు బావ. ఒకరితో పెళ్ళి మాట ఊహించడమే తప్పు, రెండోవారితో పుట్టకముందే పెళ్ళి మాట నడుస్తుంది. ఇంగ్లీషులో ఇద్దరికీ ఒకే మాట. బంధుత్వ పదాల పట్టికలు చేసిన లూయిస్ హెన్రీ మోర్గన్ 1871 నాటి తన గ్రంథంలో తమిళంతో పాటు తెలుగు పదాలనూ చేర్చి, అమెరికాలోని ఇరొక్వాయ్ తెగవారి పద్ధతికీ మన పద్ధతికీ ఉన్న పోలిక చూసి ఆశ్చర్యపోయాడు. ఆ పాఠం జరిగిన రోజు మా తరగతిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు, అందరికీ బావలున్నారు.

ఐదు మాటల ఆ నియమం ఎవరిదని అడిగితే, రివర్స్‌ది అన్నారు మాస్టారు. ఆ పేరు నేను అప్పటికే మరోచోట చదివి ఉన్నాను. ముల్లర్-లయర్ ప్రయోగం రికార్డులో "పూర్వ పరిశోధనలు" అన్న పేరాలో, గైడు పుస్తకం చూసి ఆలోచించకుండా ఎక్కించిన పేరు అది. ఇద్దరు రివర్స్‌లు ఉన్నారనుకున్నాను. ఇద్దరూ ఒకరే.

డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ వైద్యుడు, కేంబ్రిడ్జిలో ఇంద్రియాల పనితీరు గురించి, ప్రయోగాత్మక మనస్తత్వశాస్త్రం గురించి పాఠాలు చెప్పేవాడు. 1898లో ఆల్‌ఫ్రెడ్ హాడన్ నాయకత్వంలో కేంబ్రిడ్జి బృందం ఆస్ట్రేలియాకూ న్యూగినీకీ మధ్య ఉన్న టారెస్ జలసంధి దీవులకు వెళ్ళినప్పుడు, తన శిష్యులు మయర్స్, మెక్‌డూగల్‌లతో కలిసి రివర్స్ కూడా వెళ్ళాడు. అడవి మనుషులకు చూపు, వినికిడి తెల్లవారికంటే ఎన్నో రెట్లు ఎక్కువన్న నమ్మకం అప్పట్లో గట్టిగా ఉండేది. ఇంద్రియాలకే శక్తి అంతా పోతుంది గనుక ఆలోచనకు మిగలదన్న తిరస్కారం ఆ పొగడ్త వెనుక దాగి ఉండేది. రివర్స్ కొలిచి చూశాడు. ఆ దీవుల్లో ఒకటైన మెర్‌వారి చూపు బాగానే ఉంది గాని అద్భుతమేమీ కాదు. దూరాన ఉన్న పడవను ముందుగా గుర్తుపట్టడం కంటి బలం కాదు, ఆ సముద్రంతో ఉన్న పరిచయం. ముల్లర్-లయర్ గీతలనూ వారికి చూపించాడు. ఆ భ్రమకు వారు ఇంగ్లీషువారి కంటే తక్కువగా లోబడ్డారు. నిలువు గీత అడ్డగీత కంటే పొడవుగా తోచే మరో భ్రమకు మాత్రం ఎక్కువగా లోబడ్డారు. నాగరికులు అన్నిటా మెరుగనీ అనలేం, అనాగరికులు అన్నిటా మెరుగనీ అనలేం.

నన్ను పట్టుకున్నది ఆ ఫలితం కంటే దాని తరువాత జరిగినది. ఇలాంటి సామర్థ్యాలు కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తాయేమో చూడాలని రివర్స్ దీవివాసుల చుట్టరికాలు రాయడం మొదలుపెట్టాడు. అంటే, ఏజెన్సీ ఊరిలో నేను గీసిన త్రిభుజాలూ వృత్తాలూ మొదట మనస్తత్వశాస్త్ర ప్రయోగానికి అనుబంధంగా పుట్టాయి. కానీ మెర్ దీవిలో దత్తత సర్వసాధారణం. దత్తు వెళ్ళిన సంగతి ఆ బిడ్డకు తెలియనివ్వకపోవడమూ అక్కడ మామూలే. తండ్రి ఎవరని అడిగితే వారు చెప్పే తండ్రి, రివర్స్ వెతుకుతున్న తండ్రి ఒకరు కాకపోవచ్చు. ఆయన వెతికిన రక్తసంబంధపు లెక్కకు అది అడ్డం వచ్చింది. సమాజం ఎవరిని తండ్రి అంటుందన్న ప్రశ్నకు మాత్రం అదే దారి చూపింది. ప్రయోగశాల మనిషి మానవశాస్త్రవేత్త అయిన మలుపు నా మట్టుకు ఇదే.

తరువాత ఆయన మన దక్షిణానికే వచ్చాడు. 1901-02లో నీలగిరుల్లో తోడాల మధ్య కొన్ని నెలలుండి, దుబాసీల సాయంతో, అప్పటికి ఎనిమిది వందల మంది చిల్లర ఉన్న ఆ సమాజపు వంశవృక్షాలు కట్టి 1906లో పెద్ద గ్రంథం వెలువరించాడు. అన్నదమ్ములందరికీ ఒకే భార్య ఉండే ఆ సమాజంలో, గర్భిణికి సుమారు ఏడో నెలలో విల్లూ బాణమూ ఇచ్చే కర్మ ఎవరు చేస్తే వారే బిడ్డకు తండ్రి. గీతల భ్రమను తోడాల మీదా పరీక్షించాడు. ఫలితం టారెస్ దీవుల్లో వచ్చినట్టే వచ్చింది. ఒక చేతిలో పలక, మరో చేతిలో వంశవృక్షం పట్టుకొని తిరిగిన మనిషి ఆయన. మొదటి ప్రపంచయుద్ధంలో స్కాట్లండ్‌లోని క్రెయిగ్‌లాక్‌హార్ట్ ఆసుపత్రిలో, యుద్ధభయంతో మనసు చెదిరిన సైనికాధికారులకు చికిత్స చేసినదీ ఆయనే. 1922లో పోయాడు. ఆ తరువాత రెండు శాస్త్రాలూ వేరు భవనాల్లోకి వెళ్ళిపోయాయి. ఒక మాట చెప్పక తప్పదు: తోడాల గురించిన ఆ గ్రంథంలో వాళ్ళంతా పట్టికల్లో ఒదిగిపోయిన పేర్లు; కొలిచిన దొర మీద వాళ్ళ అభిప్రాయమేమిటో ఎవరూ అడిగి రాసిపెట్టలేదు. "నీకెందుకమ్మా?" అన్న ముసలాయన ఆ పేజీల్లో లేడు.

ఈ కథ తెలిశాక ఏజెన్సీ ఊరికి రెండోసారి వెళ్ళినప్పుడు నేను అట్టముక్కతో ముల్లర్-లయర్ పలక ఒకటి చేసుకొని వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు, మార్కులూ లేవు. నిశ్శబ్దమైన గది దొరకలేదు. అరుగు మీద పదిమంది చేరారు. ఒకరు జరుపుతుంటే మిగిలినవారు "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటున్నారు. ఒక అవ్వ వంతు వచ్చింది. ఆమె కాసేపు చూసి, లేచి లోపలికి వెళ్ళి చీపురుపుల్ల తెచ్చి, ఒక గీత మీద పెట్టి గోటితో కొలత పట్టి, రెండో గీతను సరిగ్గా ఆ కొలతకు జరిపింది. "కంటితో చెప్పాలవ్వా" అన్నాను. "గీత కొలమన్నావు. కన్నెందుకు?" అంది. మనస్తత్వశాస్త్రం రికార్డులో అది చెల్లని ప్రయత్నం, కొట్టివేయాలి. నోటుబుక్కులో మాత్రం దాని గురించి పేజీన్నర రాశాను. దీవివాసులు గీత మీదే దృష్టి పెడతారనీ, ఇంగ్లీషువారు బొమ్మను మొత్తంగా చూస్తారు గనుక మోసపోతారనీ రివర్స్ ఊహించాడు. ఒక్క అవ్వతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు. కానీ పరీక్ష అంటే చేతిలో పుల్ల ఉన్నా వాడకూడని సందర్భమన్న సంగతి మనం బడిలో నేర్చుకున్నామనీ, పరీక్ష పెట్టేవారు ఆ నేర్పును లెక్కలోకి తీసుకోరనీ ఆ రోజే తట్టింది.

ఆ భ్రమ కథ రివర్స్‌తో ఆగలేదు. 1966లో సెగల్, క్యాంబెల్, హెర్స్‌కోవిట్స్ అనే పరిశోధకులు ఆఫ్రికాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ అమెరికాలోనూ ఎన్నో సమూహాల మీద ఇదే పరీక్ష చేసి ఫలితాలు ప్రచురించారు. అమెరికాలోని ఎవాన్‌స్టన్‌వారు అందరికంటే ఎక్కువగా మోసపోయారు. రెండు గీతలూ సమానంగా కనిపించాలంటే వారికి ఒకదానిని సుమారు ఐదో వంతు పొడిగించాల్సి వచ్చింది. కలహారి ఎడారి వేటగాళ్ళకు ఆ భ్రమ దాదాపు కలగనే లేదు. పెట్టెల్లాంటి గదుల్లో, గోడల మూలల మధ్య పెరిగినవారి కన్ను ఆ రెక్కలను మూలలుగా చదువుతుందని ఆ పరిశోధకుల వివరణ. ఈ ముక్క చదివి మా మానవశాస్త్రం స్నేహితులు పండగ చేసుకున్నారు: చూపు కూడా సంస్కృతే! నేనూ ఒక సెమినార్‌లో అలాగే మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆ తరువాత 2015లో వచ్చిన ఒక వ్యాసం నా కంటపడింది. మన దేశంలో పుట్టుగుడ్డి పిల్లలకు చూపు తెప్పించే ప్రాజెక్ట్ ప్రకాశ్‌వారు, ఆపరేషన్ అయిన రెండు రోజుల లోపే తొమ్మిది మంది పిల్లలకు ఈ బొమ్మలు చూపించారు. జీవితంలో ఒక గోడ మూలను కూడా చూసి ఎరుగని ఆ పిల్లలు వెంటనే మోసపోయారు. అప్పుడు గోడలు పెంచిన కన్ను అన్న మాట ఎక్కడ నిలబడుతుంది? తేడాలు ఎందుకు వచ్చాయన్నది ఇప్పటికీ వాదంలోనే ఉంది. ఒక్క శాస్త్రమే చదివి ఉంటే సెమినార్‌లో కొట్టిన చప్పట్ల దగ్గరే నేను ఆగిపోయేదాన్ని.

అనుమానం రెండో వైపు నుంచీ రావాలి. 2008లో ఆర్నెట్ అనే పరిశోధకుడు మనస్తత్వశాస్త్రంలోని ఆరు ప్రధాన అమెరికన్ పత్రికలను పరిశీలించి, పరీక్షకు కూర్చున్నవారిలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవారని తేల్చాడు. ఆ దేశాల్లో ఉన్నది ప్రపంచ జనాభాలో సుమారు 12 శాతమే. నేను బట్టీ పట్టిన "మనిషి" ఎక్కువ భాగం అమెరికా కాలేజీ కుర్రవాడన్నమాట. దీనికి నాకు నచ్చిన విరుగుడు జోన్ మిల్లర్ 1984లో ప్రచురించిన పరిశోధన. ఆమె మైసూరులోనూ చికాగోలోనూ, తెలిసినవారు చేసిన ఒక మంచి పని, ఒక చెడ్డ పని చెప్పి, ఎందుకు చేశారో వివరించమని అడిగింది. మైసూరులో ఒకరు చెప్పిన సంఘటన ఇది: ఒక వకీలు నడుపుతున్న మోటార్‌సైకిల్‌కు ప్రమాదం జరిగింది, వెనుక కూర్చున్నవాడిని ఆసుపత్రిలో దింపి వకీలు కోర్టుకు వెళ్ళిపోయాడు, ఆ మనిషి చనిపోయాడు. అమెరికన్లు ఇలాంటిచోట మనిషి గుణాన్ని పట్టుకుంటారు: బాధ్యత లేనివాడు. మైసూరువారు పరిస్థితిని పట్టుకుంటారు: కోర్టులో కక్షిదారు ఎదురుచూస్తున్నాడు, గాయం అంత పెద్దదని తోచి ఉండదు. చిన్నపిల్లల్లో ఈ తేడా పెద్దగా లేదు, వయసుతో పెరిగింది. మనిషి ప్రవర్తనకు అతని గుణాన్నే కారణంగా చూపడం మానవ సహజమైన పొరపాటని పాఠ్యపుస్తకం చెబుతుంది. అది ఒక చోట నేర్చుకున్న అలవాటు కూడా కావచ్చు. అలాగని మైసూరువారు గుణాన్ని అసలు చూడరనుకోవడమూ పొరపాటే. మా వీధిలో ఒక గంట కూర్చుంటే అందరి గుణగణాలూ వినిపిస్తాయి.

ఈ రెండు చదువులూ నన్ను నిజంగా ఇబ్బంది పెట్టినది పూనకం దగ్గర. విజయనగరం జిల్లాలోని మా ఊరి అమ్మవారి పండగలో మా పెద్దమ్మ మీదికి అమ్మవారు వస్తుంది. ఘటాలు బయలుదేరి, డప్పు ఊపందుకొని, సాంబ్రాణి పొగ కమ్ముకున్నాక ఆమె వేపమండలు పట్టుకొని ఊగుతుంది. పిల్లల జబ్బుల గురించి, వానల గురించి అడిగినవారికి జవాబు చెబుతుంది. పసుపునీళ్ళు పోశాక కూలబడి, మజ్జిగ తాగి నిద్రపోతుంది. మర్నాడు పొలం వెళుతుంది. మానవశాస్త్రం తరగతిలో ఐ.ఎం. లూయిస్ వాదన చదివాం: అధికారం లేనివారు, ముఖ్యంగా ఆడవారు, మరో విధంగా అనలేని మాటను పూనకంలో అంటారు. మా పెద్దమ్మ ఒక ఏడాది ఊరి ప్రెసిడెంటును ఏకవచనంలో కడిగేసిన మాట నిజమే. మిగిలిన ఏళ్ళన్నీ ఆమె వానల గురించే మాట్లాడింది. వాటికి ఈ వాదన దగ్గర జవాబు లేదు.

మా పెద్దమ్మ కూతురిది వేరే కథ. హైదరాబాదులో ఫ్లాటులో ఉంటుంది. రెండేళ్ళ క్రితం పండగా డప్పూ ఏమీ లేని ఒక మంగళవారం ఆమెకూ అలాగే వచ్చింది. ఆమె కోరుకోలేదు, ఆపుకోలేకపోయింది, రెండు రోజులు అన్నం ముట్టలేదు, ఉద్యోగానికి వెళ్ళలేదు. బావ ఆమెను మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళాడు, అది మంచి పనే. 2022 జనవరి నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పులో పూనకానికి సంబంధించిన రుగ్మత ఒకటి ఉంది. ఆ స్థితి తన ఇష్టం లేకుండా రావాలి, బాధనో బతుకు నడవని స్థితినో కలిగించాలి, ఆ సంస్కృతిలో గానీ మతంలో గానీ అందరూ అంగీకరించిన ఆచారంలో భాగం కాకూడదు. అప్పుడే దానిని రుగ్మత అనాలి. పెద్దమ్మ ఆ గీతకు ఇవతల ఉంది, అక్క అవతల ఉంది. ఇంత జాగ్రత్తగా రాసిన వాక్యం వైద్యగ్రంథంలో ఉండడం నాకు తృప్తినిచ్చింది. మానవశాస్త్రం వైద్యుల చెవిన పడినట్టే ఉంది. చిక్కల్లా "అందరూ" అన్న మాట దగ్గర. ఊరిలో ఆ అందరూ డప్పుతో సహా వీధిలోనే ఉన్నారు. ఫ్లాటులో అక్కకు ఉన్నది బావ, గోడ అవతల కాలింగ్ బెల్లు నొక్కిన పొరుగువారు.

చివరి ఏడాది రెండు కోర్సులకూ పూనకం మీదే వేర్వేరు ప్రాజెక్టులు చేస్తానని అడిగాను. మనస్తత్వశాస్త్రం గైడ్ మొదటి ప్రశ్న "ఎంతమందిని అడుగుతావు?" అని. మానవశాస్త్రం గైడ్ మొదటి ప్రశ్న "ఎన్నాళ్ళుంటావు?" అని. రెండూ సరైన ప్రశ్నలే. రెండింటికీ సరిపడా సమయం ఒక్క మనిషికి ఉండదు. పరీక్షలు ఒకే నెలలో మీదపడ్డాయి. దూరవిద్య అసైన్‌మెంట్లు చేత్తో రాసి వేలు కాయ కాసింది. ప్రశ్నావళి నింపించేటప్పుడు ఒకరి తరఫున ముగ్గురు జవాబు చెబితే ఎవరి మాట రాయాలో తెలియక, మార్జిన్లో ముగ్గురి మాటలూ రాశాను. అవి గణాంకాల్లోకి ఎక్కవని గైడ్ ఎర్రసిరాతో చుట్టారు. ఆ మార్జిన్లే తరువాత రెండో ప్రాజెక్టుకు ఒక అధ్యాయం అయ్యాయి. ఇలా రెండూ కలిపి చదవాలనుకునేవారికి నేను వద్దనను. కానీ దూరవిద్య ప్రాక్టికల్స్ తేదీలు చూసుకోకుండా క్షేత్రపర్యటనకు పేరు ఇవ్వవద్దని మాత్రం గట్టిగా చెబుతాను.

పోయిన పండగకు ఊరు వెళ్ళి, పూనకం దిగి మజ్జిగ తాగి పడుకొని లేచిన పెద్దమ్మ పక్కన కూర్చున్నాను. రోగి తన బాధను తన మాటల్లో ఎలా చెప్పుకుంటాడో తెలుసుకోవడానికి అమెరికా మానసిక వైద్యులు 2013లో తయారుచేసిన పదహారు ప్రశ్నల జాబితా ఒకటి ఉంది. దానిని తెలుగు చేసుకొని పట్టుకెళ్ళాను. "నీకు జరిగేదాన్ని నువ్వు ఏమంటావు పెద్దమ్మా?" అన్నాను. "అమ్మొచ్చింది అంటాను. ఇంకేటంటారు?" అంది. ఎందుకొస్తుందని అడిగాను. "నువ్వెందుకొచ్చావే, పిలిస్తేనే కదా" అంది. మూడో ప్రశ్నకు వెళ్ళబోతుంటే, చాప మీద నా సంచి వైపు చూసి, "ఇదంతా ఏ పుస్తకంలో రాస్తావే?" అని అడిగింది. ఆ రోజు సంచిలో ఉబ్బిన నోటుబుక్కే ఉంది. రికార్డు హాస్టల్‌లో వదిలి వచ్చాను.